ఉక్కునగరపు విద్యార్థి

విశ్వవిద్యాలయములలో పత్రికలు పుట్టుటయు, గిట్టుటయు వింత కాదు. ప్రతి తరమునందును ఎవడో ఒక విద్యార్థి కలము పట్టును. వసతిగృహపు భోజనమును గూర్చియో, రుసుముల పెంపును గూర్చియో, దేశపు దారిద్ర్యమును గూర్చియో ఘాటుగా వ్రాయును. తోటివారు చదివి భుజము తట్టుదురు; అధికారులు పిలిచి మందలింతురు. మూడు నాలుగేండ్లు గడచునప్పటికి పరీక్షలు ముగియును, పట్టా చేతికి వచ్చును, పత్రిక ఆగిపోవును. వ్రాసినవాడు ఏదో ఒక ఊర ఉద్యోగములో కుదురుకొని, పాత సంచికలను పెట్టె అడుగున దాచుకొని, ఎప్పుడైన పిల్లలకు చూపి నవ్వుకొనును. ఇందులో నిందింపదగినది ఏమియు లేదు, ఇది లోకసహజము. అయినను ఒక ప్రశ్న మాత్రము మిగిలిపోవును. విద్యార్థి కోపమునకు ఆయుర్దాయమెంత? పరీక్షలతో ముగిసిపోవుటయే దాని ధర్మమా?

ఈ ప్రశ్నకు భిలాయిలో ఒక సమాధానము కలదు. చత్తీస్‌గఢ్ మైదానమున, వరిచేల నడుమ, 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడిక ననుసరించి వెలసినది భిలాయి ఉక్కు కర్మాగారము. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించెను. ఇనుపరాయి దల్లీ-రాజహరా కొండలనుండియు, సున్నపురాయి నందిని గనులనుండియు, నీరు తాండులా జలాశయమునుండియు వచ్చుచుండెను. మనుష్యులు మాత్రము దేశపు నాలుగు చెరగులనుండి వచ్చిరి. వంగదేశీయులు, పంజాబీలు, మలయాళీలు, ఒడియాలు, బీహారీలు, తెలుగువారు ఒకే తీరున కట్టిన క్వార్టర్లలో, అంకెలతో పిలువబడు సెక్టారులలో ఇరుగుపొరుగువారైరి. భిలాయిని చిన్న భారతదేశమని అక్కడివారు గర్వముతో చెప్పుకొందురు. ఆ గర్వమునకు కారణము లేకపోలేదు. అయితే ఆ నేలపై తరతరములుగా వరి పండించుకొనిన చత్తీస్‌గఢీ రైతుకు ఆ చిన్న భారతదేశమున దొరకిన చోటు మిక్కిలి ఇరుకు. ఎక్కువమంది కంట్రాక్టరు క్రింద దినకూలీలుగా మట్టి మోసిరి, రాయి కొట్టిరి. క్వార్టరు గల కార్మికుడు ఒకడు, గుడిసె గల కార్మికుడు ఇంకొకడు. ఉక్కు ఒక్కటే, దానికై చెమటోడ్చినవారు రెండు జాతులవారైరి.

1960ల తొలినాళ్లలో ఉత్తర వంగమునందలి జల్పాయిగురినుండి ఒక యువకుడు ఈ ఊరికి వచ్చెను. 1943లో పుట్టిన ఆ యువకుని పేరు ధీరేశ్ గుహా నియోగి. స్వస్థలమున విద్యార్థి ఉద్యమములో మెలగినవాడు. భిలాయిలో కోక్ ఓవెన్ విభాగమున పని నేర్చి కార్మికుడుగా చేరెను. చేరినవాడు చదువు మానలేదు. పొరుగుననే యున్న దుర్గ్ పట్టణపు సైన్సు కళాశాలలో బి.యస్సీ.కి, దానితోపాటు ఎ.యం.ఐ.ఇ. పరీక్షలకు చదువసాగెను. అచ్చటనే విద్యార్థి నాయకుడుగా పేరు పొందెను. షిఫ్టు ముగిసిన పిమ్మట మసి కడుగుకొని తరగతికి పోవు విద్యార్థికిని, వసతిగృహమునుండి తరగతికి పోవు విద్యార్థికిని భేదము కలదు. రెండవవాడు కార్మికులను గూర్చి చదువును. మొదటివాడు కార్మికుడై చదువును.

ఆ భేదము త్వరలోనే బయటపడెను. దుర్గ్ మునిసిపాలిటీలో వీథులూడ్చు పాకీపనివారు సమ్మె చేయగా, ఆ సమ్మెను నడపినవాడు ఈ విద్యార్థి నాయకుడే. సమ్మె గెలిచెను. విద్యార్థి సంఘములు తమ రుసుములకై, తమ పరీక్షలకై పోరాడుట అప్పుడు వాడుక, ఇప్పుడును వాడుకయే. కాని ఊరంతయు తాకుటకు జంకు మనుష్యుల కూలికై విద్యార్థి నాయకుడొకడు నిలుచుట మాత్రము వాడుక కాదు. కళాశాల ప్రాకారము ఎచ్చట ముగియునో అచ్చటనే తన బాధ్యతయు ముగియునని ఆయన ఎంచలేదు.

అదే దశాబ్దమున ఉక్కును గూర్చియే ఆంధ్రదేశపు విద్యార్థులును వీథులకెక్కిరి. విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారము కావలెనని 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరశనదీక్ష పూనగా, రాష్ట్రమంతటను కళాశాలలు మూతపడెను. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగెను. ఆ ఉద్యమమున రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. 1971 జనవరి 20న ప్రధానమంత్రి ఇందిరాగాంధి శంకుస్థాపన చేసినది. ఆ బిడ్డల త్యాగమును తెలుగునాడు మరువరాదు, మరువలేదు. అయితే వారి కోరిక ఉక్కునగరము రావలెనన్నది. భిలాయిలోని విద్యార్థికి ఉక్కునగరము అదివరకే వచ్చియుండెను. వచ్చినది ఎవరికి వచ్చినదని ఆయన అడుగవలసియుండెను. మొదటి ప్రశ్న లేనిదే రెండవ ప్రశ్న పుట్టదు. కాని రెండవదానిని అడుగువారికి ఊరేగింపులలో తోడు తక్కువ.

కోక్ ఓవెన్‌లో జరుగు పనిని కొంచెము తెలిసికొనినచో ఈ యువకుని తరువాతి జీవితము సులభముగ బోధపడును. బొగ్గును ఆరుబయట కాల్చినచో మంట పైకి లేచును, వెలుగు నిచ్చును, కడకు బూడిద మిగులును. అదే బొగ్గును గాలి చొరని ఓవెన్‌లో మూసి, వేయి డిగ్రీలకు మించిన వేడిలో గంటల తరబడి ఉంచినచో, దానిలోని పొగయు, తారును విడివడిపోయి గట్టి కోకు మిగులును. ఇనుపరాయిని కరగించునది ఆ కోకే. మండుట వేరు, పక్వమగుట వేరు. విద్యార్థి కోపము సాధారణముగ ఆరుబయటి మంట. నియోగి కోపమునకు మూతపడిన ఓవెన్ వంటి కాలము ముందున్నది.

బ్లాస్ట్ ఫర్నేసు కార్మికుల కార్యాచరణ సమితికి కార్యదర్శియై, గుర్తింపు పొందిన సంఘములకు వెలుపల కార్మికులను కూడగట్టిన పిమ్మట, 1960ల చివర ఆయన ఉద్యోగము పోయెను. అప్పుడు ఆయన చేసిన పని చదువుకొనిన ఏ యువకుడైనను చేయుపనియే: పత్రిక పెట్టెను. దాని పేరు ‘స్ఫులింగ’, అనగా నిప్పురవ్వ. హిందీలో వెలువడిన ఆ వారపత్రిక చిరకాలము నిలువలేదు. అట్టి పత్రికలెన్నియో ఆ కాలమున దేశమంతట పుట్టినవి, ఆగినవి. ‘స్ఫులింగ’ ఆగుటలో విశేషము లేదు. అది ఆగిన పిమ్మట దానిని నడపినవాడు ఏమి చేసెననుటలోనే విశేషము కలదు.

ఆయన ఇంటికి మరలిపోలేదు. వేరొక పత్రికకు చందాలు పోగుచేయను లేదు. పల్లెలకు పోయెను. పొలములలో కూలిపని చేసెను, చేపలు పట్టెను, మేకలు తోలుకొని సంతలకు తిరిగెను. ఆ తిరుగుటలో చత్తీస్‌గఢీ నేర్చెను. కడకు దానీటోలాలోని క్వార్ట్‌జైటు గనిలో శంకరుడను పేర రాళ్లు కొట్టు కూలివాడై, అచ్చటనే ఆశ యను శ్రామికురాలిని వివాహమాడెను. ధీరేశ్ అను పేరును లోకము క్రమముగ మరచెను; శంకర్ గుహా నియోగి అను పేరు నిలిచెను. అత్యవసర పరిస్థితి కాలమున మీసా చట్టము క్రింద 13 నెలలు చెరసాలలో ఉండెను.

పత్రికకు వ్రాయువానికి మౌనము కన్న కఠినమైన శిక్ష లేదు. అచ్చులో తన పేరు చూచుకొనుటకు అలవాటుపడినవాడు, చదువురాని వారి నడుమ, వారి మాట తనకు పూర్తిగా రానిచోట, వినుటకే పరిమితమై ఏండ్లు గడుపుట సామాన్యము కాదు. ‘స్ఫులింగ’లో ఆయన కార్మికులకై వ్రాసెను. పల్లెలలో కార్మికులు ఆయనకు మాట నేర్పిరి. గురుశిష్యుల స్థానములు తారుమారైనవి. సామాన్యముగ విద్యార్థి నాయకులకు లోపించునది ధైర్యము కాదు, ఈ తారుమారే.

1977లో ఆ మాటకు పని కలిగెను. భిలాయి కొలిములకు ఇనుపరాయి నిచ్చు దల్లీ-రాజహరా గనులు ఆ ఊరికి సుమారు 90 కిలోమీటర్ల దూరమున నున్నవి. అచ్చట ఒకే రాయి కొట్టు ఇద్దరిలో కంపెనీ కార్మికునికి 308 రూపాయల బోనసు, కంట్రాక్టు కార్మికునికి 70 రూపాయల బోనసు అని ఒప్పందము జరిగెను. కంట్రాక్టు కార్మికులు తమ సంఘములను విడిచి బయటికి వచ్చి, చెరనుండి వెలువడిన నియోగిని పిలుచుకొనివచ్చిరి. ఆయన వారి నాయకత్వమునకై పోలేదు. వారే ఆయనను వెదకుకొనుచు వచ్చిరి. ఇట్లు చత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక సంఘము పుట్టెను. వానకారుకు ముందు గుడిసెల మరమ్మతునకు వెదురునకును, కట్టెకును డబ్బు కావలెనన్నది వారి కోరికలలో ఒకటి. పోలీసులు జూన్ 2 రాత్రి నియోగిని పట్టుకొనిపోయిరి. కార్మికులు కొందరు పోలీసులను నిర్బంధించి తమ నాయకుని విడువుమనిరి. ఆ రాత్రియు, మరునాడును జరిగిన కాల్పులలో 11 మంది చనిపోయిరి. వారిలో అనసూయాబాయి అను శ్రామికురాలు కలదు. ఒక బాలుడును కలడు.

చనిపోయినవారికి స్మారకస్తంభము నిలుపుట ఏ ఉద్యమమైనను చేయును. ఈ సంఘము ఆసుపత్రి కట్టెను. ప్రసవవేళ తగిన వైద్యమందక సంఘపు ఉపాధ్యక్షురాలు కుసుమబాయి చనిపోగా కలిగిన దుఃఖము దానికి మూలము. కార్మికులు తమ చందాలతో, తమ చేతులతో కట్టిన ‘శహీద్ ఆసుపత్రి’ 1983 జూన్ 3న 15 పడకలతో తెరువబడెను. కాల్పుల దినమే ప్రారంభ దినమైనది. పోరాటమును, నిర్మాణమును జోడెడ్లవలె కట్టవలెనని నియోగి చెప్పుచుండెను. కూలి పెరిగినంతమాత్రమున ఆ సొమ్ము సారాదుకాణమునకు చేరరాదని మద్యవ్యతిరేకోద్యమము నడపిరి. వేలకొలది శ్రామికులు త్రాగుడు మానిరి. పిల్లలకు బడులు పెట్టిరి. ఆంగ్లేయులు 1857 డిసెంబరు 10న రాయపురములో చంపిన వీర నారాయణసింహుని పేరును, పండితులు మరచిన దానిని, గనికార్మికులు ఏటేట తలచుకొనసాగిరి.

పూర్వపు పత్రికారచయిత ఈ కాలమున పూర్తిగా మాయమైపోలేదు. గనులలో పూర్తిగా యంత్రములు ప్రవేశపెట్టుదురని తెలిసినప్పుడు ఆ రచయిత మరల కనిపించెను. యంత్రమును విరుగగొట్టుడని ఆయన అనలేదు. ఏ పనికి యంత్రము అవసరము, ఏ పనికి మనుష్యుని చేయి చాలును, దేనికి ఎంత ఖర్చగును, ఎందరి అన్నము పోవును అని లెక్కలు కట్టి, సగము యంత్రము, సగము మనుష్యుడు కలిసి పనిచేయు పద్ధతిని సంఘము తరఫున ప్రతిపాదించెను. ఆ లెక్కలు సైన్సు కళాశాల విద్యార్థివి. ఆ ప్రశ్నలు మాత్రము రాయి కొట్టు స్త్రీలవి. చదువును, అనుభవమును ఒక కాగితముపై కలియుట అట్లుండును.

ఆ కాగితము ఇతర విద్యార్థులను ఆకర్షించెను. వెల్లూరులో చదివిన వినాయక్ సేన్, కలకత్తా వైద్యవిద్యార్థి ఉద్యమమునుండి వచ్చిన పుణ్యబ్రత గుణ్ మొదలగు వైద్యులు దల్లీ-రాజహరాకు వచ్చి పనిచేసిరి. కాన్పూరు ఐ.ఐ.టి.లో గణితము చదివి 1984లో పట్టా పొందిన సుధా భరద్వాజ్ 1986లో వచ్చి గనికార్మికుల పిల్లలకు చదువు చెప్పినది. కార్మికుల తరఫున వాదించుటకు లాయర్లు దొరకనప్పుడు, తానే న్యాయశాస్త్రము చదివి 2000 సంవత్సరమున పట్టా పుచ్చుకొన్నది. తరువాతి కాలమున, 2018లో, ఆమెయు కారాగారము చూచినది. 2021 డిసెంబరులో బెయిలుపై బయటికి వచ్చినది. వీరిలో ఒక్కొక్కరి మార్గముతో ఏకీభవింపనివారుందురు. కాని చదువు ముగియుటతో ప్రశ్న ముగియలేదని వీరందరు నమ్మిరనుట నిర్వివాదము.

1990లో నియోగి మరల భిలాయికి వచ్చెను. ఏ ఊర విద్యార్థిగా కార్మికుల కూలిని గూర్చి మొదట మాటాడెనో ఆ ఊరికే, సుమారు ముప్పదియేండ్లకు. ఉక్కు కర్మాగారము చుట్టును పెరిగిన ప్రైవేటు పరిశ్రమలలో వేలకొలది కంట్రాక్టు కార్మికులు జీవనమునకు చాలు కూలిని, స్థిరమైన ఉద్యోగమును కోరుచుండిరి. కోరినవారిని పనినుండి తొలగించుచుండిరి. 1991 సెప్టెంబరులో నియోగి కార్మికులతో ఢిల్లీకి పోయి రాష్ట్రపతికి వినతిపత్రము సమర్పించెను. తన ప్రాణమునకు హాని యున్నదని ఆయనకు తెలియును. తెలిసి, ఒక టేపుపై తన మాటలను రికార్డు చేసి ఉంచెను. సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయి హడ్కో కాలనీలోని అద్దె యింట నిద్రించుచుండగా, కిటికీనుండి తుపాకి పేల్చి ఆయనను చంపిరి. అప్పటికాయన వయస్సు 48 ఏండ్లు. దేహమును ఎరుపు-ఆకుపచ్చ జెండాలో చుట్టి దల్లీ-రాజహరాకు కొనిపోయిరి. ఎరుపు కార్మికునిది, ఆకుపచ్చ రైతుది.

వారపత్రికతో మొదలైన మాట టేపుపై ముగిసెను. వ్రాయుటకు వ్యవధి లేనప్పుడు మనుష్యుడు మాటాడును. ఆ మాటలు న్యాయస్థానమున సాక్ష్యమైనవి. 1997లో దుర్గ్ సెషన్సు న్యాయస్థానము ఆరుగురికి శిక్ష విధించెను. 1998లో హైకోర్టు అందరిని విడిచిపెట్టెను. 2005లో సుప్రీంకోర్టు తుపాకి పేల్చినవానికి మాత్రము యావజ్జీవశిక్ష విధించి, తక్కినవారి విడుదలను స్థిరపరచెను. ఆయన కన్ను మూసిన పిమ్మట పోరు ఆగలేదు. 1992 జూలై 1న భిలాయిలో రైలుపట్టాలపై కూర్చున్న కార్మికులపై కాల్పులు జరిగి 15 మందికి పైగా మరణించిరి. కాలక్రమమున ఆయన సంస్థయు చీలిపోయెను.

మరి ఇది విజయమా, వైఫల్యమా? కూలి లెక్కలతో కొలుచువారు కొంత విజయమందురు, ఎంతో వైఫల్యమందురు. వారి కొలత తప్పు కాదు. కంట్రాక్టు కార్మికుడను మాట భిలాయిలో నేటికిని చెరగిపోలేదు. కాని ఇంకొక కొలత కలదు. కళాశాల పత్రికలో శీర్షిక వ్రాయు విద్యార్థి తన వాక్యము బాగున్నదా అని తోటి విద్యార్థిని అడుగును. దుర్గ్ సైన్సు కళాశాల విద్యార్థి తన వాక్యము నిజమేనా అని రాయి కొట్టు స్త్రీని అడుగుటకు పదేండ్లు నడచిపోయెను. మొదటి ప్రశ్నకు మెప్పు లభించును. రెండవదానికి ఆసుపత్రి లభించినది, తుపాకిగుండును లభించినది. రెండింటిని ఒకే చేతితో స్వీకరించుటకు సిద్ధపడనివాడు ఆ దారిని పోరాదు. పోనివానిని తప్పుపట్టుటకు ఇతరులకు హక్కును లేదు.

ఇప్పుడు భిలాయి చదువుల ఊరు. 2000 నవంబరు 1న చత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడిన పిమ్మట అచ్చట సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసెను. 2016లో ఆరంభమైన ఐ.ఐ.టి. ఆ ఊరి పేరనే నడచుచున్నది. ప్రవేశపరీక్షలకు శిక్షణ నిచ్చు కేంద్రములలో తెల్లవారకమునుపే దీపములు వెలుగును. ఏ సెక్టారు పిల్లవానికి ఎంత ర్యాంకు వచ్చినదో ఊరంతయు చెప్పుకొనును. ఆ పిల్లలలో ఉక్కు కార్మికుల మనుమలు కలరు, కంట్రాక్టు కూలీల బిడ్డలును కలరు. వారు బాగుగ చదువవలెను. చదివి పైకి రావలెను. వారిలో ఎవరో ఒకరు కళాశాల పత్రికకు వ్యాసము వ్రాయుటకు కూర్చుండకపోరు. కిటికీ తెరచినచో దూరమున కొలిమి వెలుగు ఆకాశమున ఎఱ్ఱగ కనిపించును. ఆ వెలుగు వ్యాసమునకు చక్కని ఆరంభము కాగలదు. కాని షిఫ్టు ముగించుకొని ఆ వెలుగు క్రిందనుండి సైకిలుపై వచ్చు మనుష్యునకు ఆ వ్యాసమును చదివి వినిపించి, ఆయన ఏమనునో విని, పిమ్మట దానిని ముగించుట మేలు.